డ్రిల్ చక్‌ను (బిట్‌ను పట్టి ఉంచే భాగాన్ని) బిగించే కీ మాటిమాటికీ కనిపించడం లేదు. కీ అక్కర్లేని చక్ కాంక్రీటు పనికి తట్టుకుంటుందా?

ఇంట్లో అల్మారాల పని చేసుకుంటుండగా, 13 మి.మీ. ఇంపాక్ట్ డ్రిల్‌కు బిట్ మార్చిన ప్రతిసారీ చక్ కీ కనిపించకుండా పోయి, పని ఆగిపోయాక కిటికీ గట్టు మీదనో, రాలిన సిమెంటు పొడి కిందనో దొరుకుతోంది. పురికొసతో వైరుకు కట్టి చూశాను. కొస పొడవైతే తిరిగే చక్‌కు చుట్టుకునే ప్రమాదం, పొట్టిదైతే కీ చక్ రంధ్రం దాకా అందదు. మెషీన్‌కు అయస్కాంతం అంటిస్తే, ఇనుప గొట్టానికి రంధ్రం వేసిన రోజున ఇనుప రజను దానికి దట్టంగా పట్టి, కీ పళ్లలోకి కూడా చేరింది. మెషీన్‌తో వచ్చిన రబ్బరు పట్టీ ఎప్పుడో తెగిపోయింది.

అందుకే చేత్తో బిగించే చక్ కొనాలనుకుంటున్నాను. పాత చక్ మర కొలత 1/2 అంగుళం, అంగుళానికి 20 చుట్లు. హ్యామర్ మోడ్‌లో (బిట్ తిరుగుతూనే సుత్తిలా కొట్టే పద్ధతిలో) కాంక్రీటు స్లాబును తొలిచేటప్పుడు ఆ అదురుకు పట్టు సడలుతుందేమోనన్నదే నా సందేహం. ఇటువంటి చక్‌ను కాంక్రీటు పనికి వాడుతున్నవారికి అది బిట్‌ను జారకుండా పట్టి ఉంచుతోందా?