'రక్త-మెదడు అవరోధం'కి మంచి తెలుగు మాట ఉందా?

ఒక ఆరోగ్య వ్యాసం దిద్దుతుంటే ఈ మాట తగిలింది. రక్తంలో ఉన్నవన్నీ మెదడులోకి చొరబడకుండా ఆపే ఏర్పాటు, ఇంగ్లీషులో బ్లడ్-బ్రెయిన్ బ్యారియర్ అంటారు. రక్త సంస్కృతం, మెదడు తెలుగు, వైరి సమాసం అని ఎలాగూ అంటారు, అది పక్కన పెట్టండి. మా అమ్మకి చదివి వినిపిస్తే "ఎవరికిరా, మెదడులో రక్తం అడ్డుపడిందీ?" అంది. ఆవిడ తప్పేం లేదు, మాటే అలా ఉంది.

— అవరోధం అనగానే మెదడు చుట్టూ ప్రహరీ కట్టినట్టుంటుంది, చిక్కంతా అక్కడే. విడిగా గోడేమీ లేదండీ. మెదడులోని కేశనాళికల (బాగా సన్నటి రక్తనాళాల) లోపలి పొర కణాలే ఆ పని చేస్తాయి. ఒంట్లో చాలాచోట్ల ఆ కణాల మధ్య సన్నటి సందులుంటాయి, ఇక్కడ మాత్రం క్లాడిన్-5 లాంటి ప్రొటీన్లు దగ్గర దగ్గరగా కుట్టేసినట్టు పట్టి ఉంచుతాయి. 1967లో రీస్, కార్నోవ్‌స్కీ అనే శాస్త్రవేత్తలు చిట్టెలుకల రక్తంలోకి ఒక ఎంజైమ్ ఎక్కించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే అది సరిగ్గా ఈ అతుకుల దగ్గరే ఆగిపోయింది. నా ఓటు 'అతుకు'కి.

— అతుకంటే చిరిగిన లుంగీ గుర్తొస్తుంది గురువుగారూ. పైగా ఆ కణాలు ఊరికే అతుక్కుని కూర్చోవు. గ్లూకోజుని గ్లూట్-1 అనే ప్రొటీన్ ద్వారా దగ్గరుండి లోపలికి పంపుతాయి, అక్కర్లేనివాటిలో చాలావాటిని పీ-గ్లైకోప్రొటీన్ అనే పంపు మళ్ళీ రక్తంలోకి నెట్టేస్తుంది. తుమ్ములకి పాత క్లోర్‌ఫెనిరమిన్ మాత్ర వేసుకుంటే కుర్చీలోనే జోగుతాం, కొత్తరకం ఫెక్సోఫెనడిన్‌కి సాధారణంగా అలా ఉండదు, దాన్ని గుమ్మంలోనే తిప్పి పంపేస్తాయి కాబట్టి. అందుకే 'కాపలా పొర' అంటాను.

— కాపలా పొర బాగుంది. కానీ ఆ కణాలకి ఈ గుణం పుట్టుకతో రాలేదు, మెదడు పొరుగున ఉండి అబ్బింది. 1981లో స్టూవర్ట్, వైలీ అనే పరిశోధకులు కౌజుపిట్ట పిండం మెదడు ముక్కని కోడి పిండం పొట్టలో నాటితే, పొట్ట వైపు నుంచి అందులోకి పెరిగిన కోడి నాళాలు కూడా కాపలా నేర్చేసుకున్నాయి! ఇంకోటి, దయచేసి 'నరాల కాపలా' అని మాత్రం రాయకండి. మనకి సెలైన్ ఎక్కించేదీ నరమే, తిమ్మిరెక్కేదీ నరమే.

— 'మెదడు రక్తనాళాల కాపలా పొర' అని మార్చి అమ్మకి మళ్ళీ చదివాను. "అంత కాపలా ఉంటే మెదడుకి జబ్బు చేసినప్పుడు మందు ఎలా పోతుందిరా?" అంది. మాట పనిచేసినట్టే ఉంది.