గిరి గారు 74 రైల్వే సమ్మెప్పుడు దిగిపోవాల్సిందా?

పలాస మనవడు:
వి.వి. గిరి గారిని కార్మికుల రాష్ట్రపతి అని అందరూ అంటుంటారు, ఆ మాట విన్నప్పుడల్లా నాకు మా తాతే గుర్తొస్తాడు. 1974 మే 8న రైల్వే సమ్మె మొదలైనప్పుడు రాష్ట్రపతి గిరి గారే కదా, సమ్మె నడిపిన రైల్వేమెన్స్ ఫెడరేషన్ని పుట్టించినవాళ్లలో ఆయనా ఒకరు. తాత పలాసలో రైలింజన్ ఫైర్‌మన్, బొగ్గేసేవాడు. రాత్రిళ్లు క్వార్టర్ల తలుపులు కొట్టి పట్టుకుపోతుంటే జీడితోటలో పడుకునీవోడంట, మా నానమ్మ సద్దన్నం గిన్నెలో సర్ది గంపలో పెట్టి పైన ఆకులు కప్పి జీడిపిక్కలు ఏరడానికెళ్తున్నట్టు పట్టుకెళ్లీదంట, అలా ఇరవై రోజులు. సమ్మె పోయింది, తాతకి బ్రేక్ ఇన్ సర్వీస్ పడింది, అంటే అంతకుముందు చేసిన సర్వీసు తెగిపోయినట్టు లెక్క. 1954లో బ్యాంకు ఉద్యోగులకొచ్చిన తీర్పుని గవర్నమెంటు మార్చిందని కేంద్ర లేబర్ మంత్రి పదవే వదిలేసిన మనిషి, తన రైల్వేవాళ్లు వేలమంది జైల్లో ఉంటే ఎందుకుండిపోయేరు? దిగిపోవాల్సిందే అంటాను.

బొబ్బిలి మాస్టారు:
బాబూ, మంత్రి రాజీనామా వేరు రాష్ట్రపతి రాజీనామా వేరు. మంత్రి కేబినెట్లో దెబ్బలాడి ఓడిపోతే బయటికొస్తాడు. రాష్ట్రపతి కేబినెట్ సలహా మీద నడవాలి, నచ్చని నిర్ణయం వచ్చినప్పుడల్లా దిగిపోతే ఇంక ఆ కుర్చీ ఎందుకు? ఆయనకి ధైర్యం లేదనకు. 1937లో మా బొబ్బిలి రాజా మీద, అదీ బొబ్బిలిలోనే, పోటీ చేసి గెలిచినాయన.

పలాస మనవడు:
ధైర్యం లేదని నేనెక్కడన్నానండీ మాస్టారూ. 1969లో తాత్కాలిక రాష్ట్రపతిగా ఉంటూ జులై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి, మర్నాడే రాజీనామా చేసి ఇండిపెండెంటుగా నిలబడి సంజీవరెడ్డి గారి మీద గెలిచేరు. అంటే దిగడం తెలిసిన మనిషే. 74 మేలో ఆయనకింక మూడు నెలలే ఉంది, ఆగస్టు 24తో పదవి అయిపోయింది. పోయేదేటి?

పాతపట్నం ఆడపడుచు:
1952లో ఆయన్ని లోక్‌సభకి పంపింది మా పాతపట్నమే. నా మాట ఇంకోటి. యూనియనూ యాజమాన్యం ఎదురెదురుగా కూచుని తేల్చుకోవాలి, పైనుంచి తీర్పు రుద్దకూడదు అన్నది ఆయన జీవితమంతా పట్టుకున్న మాట, గిరి అప్రోచ్ అని పేరే పడిపోయింది. 74లో చర్చలు నడుస్తుండగానే మే 2న సమ్మె నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ని అరెస్టు చేసేరు. రాజీనామా అంటూ చేస్తే ఆరోజే చెయ్యాలి, సమ్మె మొదలయ్యాక చేసినా మీ తాతగారికి ఒరిగేది తక్కువ.

బొబ్బిలి మాస్టారు:
మే 2 మాట ఆలోచించాల్సిందేనమ్మా. అయినా రాష్ట్రపతి భవన్ యూనియన్ ఆఫీసు కాదన్న మాట మీదే నేనుంటాను.

పలాస మనవడు:
అక్కా, తేదీ నువ్వు చెప్పిందే కరెక్టు. ఒకటి చెప్పాలి, తాత మాత్రం గిరి గారిని ఒక్క మాట అననిచ్చీవోడు కాదు, బీఎన్నార్ (బెంగాల్ నాగపూర్ రైల్వే) రోజుల్లో మనకి యూనియన్ నిలబెట్టిందెవడ్రా అనీవోడు. నాకే ఇప్పటికీ సర్దుకోవట్లేదు.