రెయిడ్ అంతా బాగుందంటోంది, ఫోటోలు మాత్రం పాడైపోతున్నాయి

స్టూడియో_గుంటూరు:
మాది పెళ్లి ఫోటోల పని. లినక్స్ సర్వర్, రెయిడ్ 6 (రెండు డిస్కులు పోయినా డేటా నిలిచే ఏర్పాటు), 8 టీబీ డిస్కులు ఆరు. నిన్న ఒక కస్టమర్ రెండేళ్ల కిందటి ఆల్బమ్ మళ్లీ అడిగితే తెరిచాను. తలంబ్రాల ఫోటోలో పెళ్లికూతురి గడ్డం దాకా బాగుంది, కిందంతా బూడిదరంగు. ఇలాంటివి ఇప్పటికి 41 దొరికాయి. ఒక్క డిస్కూ పోలేదు, డిస్కుల ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టులో తప్పేమీ లేదు. రోజూ రాత్రి ఆర్‌సింక్‌తో (మారిన ఫైళ్లనే కాపీ చేసే ప్రోగ్రామ్) తీసే బ్యాకప్‌లోనూ అవే పాడైన ఫైళ్లు. పాడైన డేటాను తానే పట్టుకుంటుందనే జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌కి మారాలా? యూపీఎస్ ఏది మంచిది? నెలకెన్నిసార్లు చెక్ చేయాలి?

రాక్_7:
ముందు ఒక్కటి చెప్తా, రెయిడ్‌లో రిపేర్ కమాండ్ మాత్రం కొట్టకు. మిస్‌మ్యాచ్ కౌంట్ (డేటాకీ పారిటీకీ పొసగని చోట్ల లెక్క) సున్నా కాలేదని కంగారుపడి నేను ఒకసారి కొట్టాను. అది డేటానే నిజమనుకుని పారిటీని, అంటే పోయిన డేటాను తిరిగి కట్టడానికి రెయిడ్ దాచుకునే అదనపు లెక్కని, తిరగరాస్తుంది, అంటే మంచి కాపీని తిరిగి కట్టుకునే దారి కూడా పోతుంది. మామూలుగా చదివేటప్పుడైతే రెయిడ్ పారిటీ జోలికే పోదు, కాబట్టి తేడా ఉన్నా దానికి తెలియదు. ఇది తెలిసేసరికి నా దగ్గర ఒక కంపెనీ మూడేళ్ల లెక్కలు పోయాయి.

పూల్_మాస్టర్:
17 ఏళ్లుగా స్టోరేజీలోనే ఉన్నా. జెడ్‌ఎఫ్‌ఎస్ పెట్టు, నెలకోసారి స్క్రబ్ (మొత్తం డేటా చదివి సరిచూడటం), అంతే. డేటా మారిందో లేదో చెప్పే చెక్‌సమ్ ప్రతి బ్లాక్‌కీ ఉంటుంది, తేడా వస్తే రెండో కాపీ నుంచి అదే సరిచేస్తుంది. కానీ ఈసీసీ ర్యామ్ (తనలోని తప్పుల్ని తానే సరిచేసుకునేది) లేకుండా మాత్రం పెట్టకు, స్క్రబ్ చేస్తూ చేస్తూ మొత్తం పూల్‌ని (అన్ని డిస్కుల డేటాని) నాశనం చేస్తుంది.

చెక్‌సమ్_చిన్నా:
ఈ అబద్ధం ఇంకెన్నాళ్లు చెప్తారు? చెక్‌సమ్ సరిపోయిన కాపీ దొరికితేనే అది తిరిగి రాస్తుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన మాట్ ఆరెన్సే చెప్పారు, మిగతా ఫైల్ సిస్టమ్‌ల కంటే దీనికి ఈసీసీ ప్రత్యేకంగా అవసరమేమీ లేదని.

పూల్_మాస్టర్:
ఆయన ఈసీసీ వద్దన్నాడా? డేటా ముఖ్యమైతే పెట్టుకోమనే అన్నాడు. సగం మాట పట్టుకుని పదిమందిని పాడు చేయకు.

చెక్‌సమ్_చిన్నా:
స్క్రబ్ నాశనం చేస్తుందన్నది మీరే కదా, దానికి జవాబివ్వండి. అసలు స్క్రబ్‌ని దేవుడిలా నమ్మడమే తప్పు. 2023 నవంబరులో బయటపడిన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ (జెడ్‌ఎఫ్‌ఎస్ ఓపెన్‌సోర్స్ రూపం) బగ్‌లో, కాపీ చేసిన ఫైళ్లలో కొంతభాగం సున్నాలైపోయేది. ఆ సున్నాలకీ చెక్‌సమ్ సరిగ్గానే ఉంటుంది కాబట్టి స్క్రబ్‌కి ఏమీ దొరకలేదు.

రాత్రి_డ్యూటీ:
మీ గొడవ ఆపి ఆయన రాసింది చదవండి. ఆర్‌సింక్ మామూలుగా సైజు, టైమ్ మాత్రమే చూస్తుంది. ఫైలు తర్వాతెప్పుడో డిస్కులో పాడైతే ఆ రెండూ మారవు, కాబట్టి బ్యాకప్‌లో పాత మంచి కాపీ అలాగే ఉండాలి. అక్కడా పాడైందంటే మొదటి రోజే, కెమెరా కార్డు నుంచి సర్వర్‌కి ఎక్కించేటప్పుడే పోయింది. ఎక్కించేటప్పుడు ఫైలు ర్యామ్ మీదుగానే పోతుంది. అన్నా, ఈ రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి పడుకో.

స్టూడియో_గుంటూరు:
పెట్టాను. రెండో ర్యామ్ స్టిక్‌లో తెల్లారేసరికి 213 ఎర్రర్లు, అన్నీ దాదాపు ఒకే అడ్రస్ దగ్గర. తీసేశాను. ఇకనుంచి కార్డులోనే ప్రతి ఫోటోకీ షా256 (ఒకరకం చెక్‌సమ్) తీసి, సర్వర్‌కి ఎక్కించాక సరిపోయాకే కార్డు ఫార్మాట్ చేస్తాం. ల్యాప్‌టాప్ నుంచి నేరుగా రాసిచ్చిన పెన్‌డ్రైవ్‌లు కొందరు కస్టమర్ల దగ్గర ఉన్నాయి. పొద్దుటి నుంచి ఫోన్లు చేస్తున్నా, 41లో 26 మంచివి దొరికాయి. తలంబ్రాల ఫోటో ఇంకా దొరకలేదు.