‘క్లాండెస్టైన్’కు ‘రహస్య’ అంటే సరిపోతుందా?

‘క్లాండెస్టైన్’ అనే ఇంగ్లీషు విశేషణాన్ని తెలుగులో ‘రహస్య’ అంటే సరిపోతుందా అని గుంటూరు మిత్రులొకరు అడిగారు. చాలాచోట్ల సరిపోదని నా అభిప్రాయం. ‘రహస్యంగా’ అని అర్థమిచ్చే ‘క్లామ్’ అనే లాటిన్ మాట దీనికి మూలమే అయినా, తెలిస్తే అడ్డుకునేవారో శిక్షించేవారో ఉన్నారు కనుక దాచి చేసే పని అన్న ఛాయ ఇంగ్లీషు వాడుకలో దీనికి బలంగా ఉంది.

మన పల్లెల పశువుల సంతనే తీసుకోండి. దళారీ, కొనే రైతూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, వేళ్లు పట్టి ధర చెప్పుకుంటారు. పక్కవారికి అంకె తెలియదు గానీ బేరం సాగుతోందని అందరికీ తెలుసు, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. అది రహస్యమే, కానీ క్లాండెస్టైన్ కాదు. మనం వేసే ఓటూ అంతే. దాని గోప్యతను చట్టమే కాపాడుతుంది.

ఇంగ్లండులో 1753లో చేసిన వివాహ చట్టం పేరులోనే ఈ విశేషణం ఉంది. చర్చిలో ముందస్తు ప్రకటన గానీ లైసెన్సు గానీ లేకుండా, పెద్దల కళ్లుగప్పి జరిగే పెళ్లిళ్లను అరికట్టడం దాని ఉద్దేశం. ఇక్కడ ‘దొంగచాటు పెళ్లి’ అంటేనే భావం పూర్తిగా అందుతుంది.

అయితే ‘దొంగచాటు’లో నింద ఉంది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో ఉషా మెహతా, ఆమె సహచరులు పోలీసులకు చిక్కకుండా చోటు మారుస్తూ బొంబాయిలో నడిపిన కాంగ్రెస్ రేడియోకూ ఇంగ్లీషులో ఇదే విశేషణం వాడతారు. దాన్ని దొంగచాటు రేడియో అనడానికి నాకు నోరు రాదు. ప్రసారాలు జనం వినడానికే చేశారు, దాచింది స్థావరాన్నీ నడిపే మనుషులనూ. కనుక అక్కడ ‘అజ్ఞాత రేడియో’ అనడమే న్యాయం. పార్టీల నడుమ కుదిరే చీకటి ఒప్పందాలకైతే మన పత్రికల ‘లోపాయికారీ’ ఉండనే ఉంది.

‘కోవర్ట్’ను దీనికి పర్యాయపదంగా వాడేటప్పుడు జాగ్రత్త అవసరం. అమెరికా సైనిక పరిభాషలో కోవర్ట్ చర్య అంటే చేయించినవారెవరో బయటపడనీయనిది, క్లాండెస్టైన్ చర్య అంటే అసలు ఆ పని జరిగిందనే తెలియనీయనిది. పైగా మన పత్రికల్లో ‘కోవర్టు’ అంటే ఎదుటివర్గంలో చేరి సమాచారం చేరవేసే మనిషి అని స్థిరపడిపోయింది కాబట్టి, దాన్ని విశేషణంగా వాడితే తెలుగు పాఠకుడు తప్పక పొరబడతాడు.