క్రాల్ అవుతున్నాయి, ఇండెక్స్ కావడం లేదు: బేరింగ్ పేజీలన్నీ ఒకే చోట ఆగాయి

గిరగిర (ప్రశ్న)
బేరింగులు, ఆయిల్ సీళ్లు అమ్మే సైటు. సైట్‌మ్యాప్‌లో (గూగుల్‌కు ఇచ్చే పేజీల జాబితా) 4,200 పేజీలు. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో అందులో 2,600 దాకా "క్రాల్డ్ - కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" కింద కనబడుతున్నాయి, అంటే గూగుల్ వచ్చి చదివింది (క్రాల్) కానీ సెర్చ్‌లో చూపే జాబితాలో (ఇండెక్స్) చేర్చలేదు. హోం పేజీ, విభాగాల పేజీలు, గైడ్లు ఏ ఇబ్బందీ లేకుండా ఇండెక్స్ అయ్యాయి. ఆగినవన్నీ ఒక్కో బేరింగ్ నంబరుకు ఒకటి చొప్పున ఉన్న పేజీలే.

ఇప్పటికి చూసినవి: స్టేటస్ 200 (పేజీ సవ్యంగా తెరుచుకుంటోంది) వస్తోంది, నోఇండెక్స్ (ఇండెక్స్ చేయొద్దనే) ట్యాగ్ లేదు, కెనానికల్ (అసలు పేజీ ఏదో చెప్పే ట్యాగ్) ఏ పేజీది ఆ పేజీకే ఉంది. సైట్‌మ్యాప్ రెండుసార్లు మళ్లీ ఇచ్చాను. రోజూ కొన్ని పేజీలకు "రిక్వెస్ట్ ఇండెక్సింగ్" నొక్కుతున్నాను. ఒకటీ అరా ఎక్కుతున్నాయి, కొన్నాళ్లకు మళ్లీ జారిపోతున్నాయి. క్రాల్ బడ్జెట్ (మన సైటులో గూగుల్ ఎన్ని పేజీలు చదువుతుందన్న పరిమితి) చాలడం లేదా? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

లాగు_పుస్తకం
బడ్జెట్ సంగతి పక్కన పెట్టేయండి. అదే సమస్య అయితే పేజీలు "డిస్కవర్డ్ - కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" (చిరునామా తెలిసింది, ఇంకా చదవలేదు) కింద పడేవి, చివరిగా క్రాల్ చేసిన తేదీ ఖాళీగా ఉండేది. మీ దగ్గర గూగుల్‌బాట్ (పేజీలు చదివే గూగుల్ ప్రోగ్రాం) వచ్చింది, పేజీ తీసుకుంది, చూసి పక్కన పెట్టింది. క్రాల్ బడ్జెట్ మీద గూగుల్ రాసిన గైడ్ కూడా పది లక్షల పైచిలుకు పేజీలున్న సైట్లకు, లేదా పదివేలకు పైగా పేజీలు రోజూ మారే సైట్లకు ఉద్దేశించినది. 4,200 పేజీలు దానికి లెక్కే కాదు.

ముందు జాబితా వడకట్టండి. రిపోర్టు పైన "ఆల్ సబ్మిటెడ్ పేజెస్" ఫిల్టర్ పెడితే సైట్‌మ్యాప్‌లో ఉన్నవి మాత్రమే మిగులుతాయి. ఫీడ్ లింకులు, సార్టింగ్ పారామీటర్లతో పుట్టిన యూఆర్‌ఎల్‌లు ఇదే స్టేటస్‌లో ఎన్ని ఉన్నా పట్టించుకోవద్దు, వాటి స్థానం అదే. ఒక్కో స్టేటస్‌కు రిపోర్టు చూపించే నమూనాలు 1,000 మాత్రమే. కాబట్టి సైట్‌మ్యాప్‌ను బేరింగులు, సీళ్లు, గైడ్లు అని విడివిడి ఫైళ్లుగా కోయండి. ఫిల్టర్ ఒక్కో ఫైలుకు విడిగా పనిచేస్తుంది కనుక ఏ గుంపులో ఎన్ని ఆగాయో తేలుతుంది.

తర్వాత ఆగిన పేజీలు ఐదు, ఎక్కిన పేజీలు ఐదు తీసుకుని యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో "టెస్ట్ లైవ్ యూఆర్‌ఎల్" నడపండి. పచ్చ టిక్కు చూసి అక్కడే ఆగొద్దు. "వ్యూ టెస్టెడ్ పేజ్" తెరిచి హెచ్‌టీఎమ్‌ఎల్‌లో కొలతల అంకెలు ఉన్నాయో లేదో వెతకండి. "మోర్ ఇన్ఫో"లో లోడ్ కాని రిసోర్సుల జాబితా ఉంటుంది. బ్రౌజర్‌లో మీకు కనబడే పేజీ, బాట్ చేతికందిన పేజీ ఒకటే అన్న నమ్మకం దగ్గరే చాలామంది బోల్తా పడతారు.

కొలతబద్ద
పై మాటకు తోడు నా అనుమానం ఇంకొకటి. 6203, 6203-జెడ్‌జెడ్, 6203-2ఆర్‌ఎస్, 6203-2ఆర్‌ఎస్-సీ3... వీటికి నాలుగు పేజీలున్నాయా? లోపలి వ్యాసం 17, బయటి వ్యాసం 40, మందం 12 మి.మీ. నాలుగింటికీ ఇదే. తేడా ఏమిటంటే ఒకదానికి రెండువైపులా లోహపు మూత, ఒకదానికి రబ్బరు సీలు, సీ3 అయితే లోపల కాస్త ఎక్కువ ఖాళీ. ఆ తేడా పేజీలో ఒక్క వాక్యమైనా లేకపోతే గూగుల్‌కు అవి నాలుగు పేజీలు కావు, ఒకే పేజీకి నాలుగు కాపీలు.

6203కి ఒకే పేజీ చేసి, రకాలను అందులో పట్టికగా పెట్టండి. ఏ మూత దుమ్ముకు, ఏది తడికి, సీ3 ఎప్పుడు కావాలి అన్నది అక్కడే రాయండి. మిగతా యూఆర్‌ఎల్‌లను దానికి 301 (శాశ్వత దారిమళ్లింపు) చేయండి. విడి పేజీలు ఉండితీరాలంటే కెనానికల్ ఇవ్వొచ్చు, కాకపోతే అది సూచన మాత్రమే, గూగుల్ వినకపోవచ్చు. విన్నప్పుడు ఆ పేజీ "ఆల్టర్నేట్ పేజ్ విత్ ప్రాపర్ కెనానికల్ ట్యాగ్" కిందికి మారుతుంది. అది కావలసిన ఫలితమే, కంగారుపడొద్దు. ఒకే పేజీకి కెనానికల్, నోఇండెక్స్ రెండూ మాత్రం తగిలించకండి.

గిరగిర
లైవ్ టెస్ట్ చేశాను. పది బేరింగ్ పేజీల్లోనూ తల, మెనూ, ఫుటర్ వచ్చాయి. నడుమ పట్టిక ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా. "మోర్ ఇన్ఫో"లో /ఏపీఐ/ (పట్టికకు డేటా ఇచ్చే దారి) కింద ఉన్న రిసోర్సు లోడ్ కాలేదని, రోబోట్స్.టీఎక్స్‌టీ (బాట్‌లు ఎక్కడికి రావచ్చో చెప్పే ఫైలు) అడ్డుకుందని చూపిస్తోంది. సర్వర్ మీద భారం తగ్గుతుందని ఆ ఫోల్డర్‌ను డిస్‌అలౌ చేసి (బాట్‌లకు మూసి) ఉంచాం. గైడ్ పేజీలు దాన్ని వాడవు.

నకళ్ల మాట కూడా నిజమే, 6203 పేరుతో ఏడు పేజీలున్నాయి.

లాగు_పుస్తకం
దొంగ దొరికాడు. గూగుల్‌బాట్ పేజీని రెండర్ చేసేటప్పుడు (స్క్రిప్టులు నడిపి పూర్తి పేజీ తయారుచేసుకునేటప్పుడు) స్క్రిప్టు పిలిచే ప్రతి చిరునామాకూ రోబోట్స్ నియమం వర్తిస్తుంది. పట్టిక డేటా ఏపీఐ నుంచి రావాలి, ఏపీఐకి తాళం వేసి ఉంది. కాబట్టి 2,600 పేజీల్లోనూ బాట్‌కు దక్కింది ఒకే మెనూ, ఒకే ఫుటర్, ఒక శీర్షిక. టైటిల్లో నంబరు తప్ప దేనికీ తేడా లేదు.

డిస్‌అలౌ మొత్తం ఎత్తేయనక్కర్లేదు. కొలతలు ఇచ్చే దారికి మాత్రం అలౌ లైను చేర్చండి. ఎక్కువ అక్షరాలతో సరిపోలే నియమమే గూగుల్ దగ్గర చెల్లుతుంది కాబట్టి పొడవైన అలౌ పొట్టి డిస్‌అలౌను మించుతుంది. బుట్ట, లాగిన్ దారులు మూసే ఉంచండి. రోబోట్స్ ఫైలును గూగుల్ మామూలుగా 24 గంటల దాకా దాచుకుని వాడుతుంది, తొందరైతే సెట్టింగ్స్‌లోని రోబోట్స్ రిపోర్టులో మళ్లీ క్రాల్ చేయమని అడగొచ్చు.

ఇది చిల్లుకు అతుకు మాత్రమే. కొలతలు అరుదుగా మారేవి, వాటిని సర్వర్ దగ్గరే హెచ్‌టీఎమ్‌ఎల్‌లో రాసి పంపండి. అప్పుడు స్క్రిప్టు తడబడినా పట్టిక పోదు.

తీగలాగు
అందరూ పేజీ లోపలే చూస్తున్నారు, పేజీకి దారి ఎక్కడిది? విభాగం పేజీలో మొదటి 24 బేరింగులు చూపి, మిగతావి "ఇంకా చూపు" బటన్ వెనక ఉంటే గూగుల్‌బాట్ ఆ బటన్ నొక్కదు. హెచ్‌రెఫ్ (చిరునామా) ఉన్న అసలైన లింకులే దానికి దారి. రెండో పేజీ, మూడో పేజీ అంటూ మామూలు లింకులు పెట్టండి. ప్రతి బేరింగ్ పేజీ నుంచి దాని పక్క సైజుకు (6203 నుంచి 6204కు), దానికి సరిపోయే ఆయిల్ సీలుకు లింకు ఇవ్వండి. ఒక్క సైట్‌మ్యాప్ తప్ప ఇంకెక్కడా పేరు లేని పేజీని సైటే పట్టించుకోనట్టు లెక్క.

సైట్‌మ్యాప్‌లో లాస్ట్‌మాడ్ (పేజీ చివరిగా మారిన తేదీ) కూడా ఒకసారి చూడండి. రాత్రి స్క్రిప్టు నడిచిన ప్రతిసారీ 4,200 పేజీలకూ ఆనాటి తేదీ పడుతుంటే గూగుల్ ఆ తేదీని నమ్మడం మానేస్తుంది. పేజీలో నిజంగా ఏదైనా మారినప్పుడే మార్చండి. ప్రయారిటీ (పేజీ ప్రాధాన్యం), చేంజ్‌ఫ్రీక్ (ఎంత తరచుగా మారుతుందో) లైన్లను గూగుల్ ఎలాగూ చదవదు, తీసేయొచ్చు.

301 విషయంలో నాదో చిన్న అభ్యంతరం. సీ3 రకానికి వేరే ఫొటో, వేరే స్టాకు, వాడే చోట్ల వివరం ఉంటే దాని పేజీ దానికి ఉండనివ్వండి. ఆ పూర్తి నంబరుతోనే వెతికేవాళ్లు ఉంటారు. చెప్పడానికేమీ లేనివి మాత్రమే కలపండి.

గిరగిర
అలౌ లైను పెట్టాను, లైవ్ టెస్ట్‌లో పట్టిక వచ్చింది. ఇప్పుడు 2,600 పేజీలకూ రిక్వెస్ట్ నొక్కుతూ పోవాలా?

కొలతబద్ద
వద్దు. విషయం లేని పేజీని ఆ బటన్ నిలబెట్టదని జారిపోయినవి మీకు చూపించాయి కదా. ఇండెక్సింగ్ ఏపీఐతో (పేజీలను గూగుల్‌కు నేరుగా తెలిపే సాధనం) తోసేయమని ఎవరైనా చెబితే అదీ వద్దు, అది ఉద్యోగ ప్రకటనలకు, లైవ్ ప్రసారాల పేజీలకు మాత్రమే. ఇండెక్స్‌నౌను (పేజీ మారిందని సెర్చ్ ఇంజన్లకు చెప్పే పద్ధతి) గూగుల్ వాడదు, బింగ్ కోసమైతే పెట్టుకోవచ్చు.

ముందు ఏడు 6203లను తేల్చండి, లింకులు పెట్టండి. 301 అయిన యూఆర్‌ఎల్‌లను సైట్‌మ్యాప్‌లోంచి తీసేయండి. మారిన పేజీలకే లాస్ట్‌మాడ్ మార్చండి. బాగా అమ్ముడుపోయే ఓ ఇరవై పేజీలకు మాత్రం రిక్వెస్ట్ పెట్టి, "వాలిడేట్ ఫిక్స్" నొక్కండి. అది రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తీసుకుంటుంది. ఈలోగా రిపోర్టులో అంకె కదల్లేదని మళ్లీ ఏదో ఒకటి మార్చొద్దు, రిపోర్టు వెనకబడి ఉంటుంది. విడి పేజీ సంగతి యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో చూసుకోండి. ఎక్కువ పేజీలైతే దాని ఏపీఐ ఒక్కో ప్రాపర్టీకి రోజుకు 2,000 దాకా అడగనిస్తుంది, రెండు రోజుల్లో ఆగిన 2,600 పేజీల జాబితా పూర్తవుతుంది.