మిషన్ వచ్చిందని రాజీనామా రాయమంటున్నారు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది హిందూపురం. మా బావ బెంగళూరు పీణ్యాలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీ కటింగ్ సెక్షన్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాడు, ఇప్పుడు ఆటోమేటిక్ కటింగ్ మిషన్ దిగింది కాబట్టి ఇంతమంది అక్కర్లేదు, రాజీనామా లెటర్ రాసిచ్చి వెళ్లిపొమ్మని ఒకటే ఒత్తిడి. సంతకం పెట్టొద్దని చెప్పాను. వాళ్లే తీసేస్తే నెల ముందు నోటీసు, సర్వీసులో ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనే ఉండేది, దాని స్థానంలో వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో దానికి తోడు రీస్కిల్లింగ్ ఫండ్ (పని పోయినవాళ్లు కొత్త పని నేర్చుకోవడానికి పెట్టిన నిధి) కింద ఇంకో 15 రోజుల జీతం కూడా పెట్టారు. రాజీనామా చేస్తే ఇవేవీ అడగలేం కదా!

ఈ డబ్బు నిజంగా చేతికి అందినవాళ్లు ఎవరైనా ఉన్నారా? బన్నేరుఘట్ట రోడ్డులో ఉన్న కార్మిక భవన్‌కి (కార్మిక శాఖ ఆఫీసు) నేరుగా వెళ్లాలా, యూనియన్ ద్వారా వెళ్తే మంచిదా? బావకి కన్నడ రాయడం రాదు, తెలుగు తెలిసిన లాయరు ఉంటే చెప్పండి.

ఇంకొకటి. మిషన్ వల్ల మిగిలే డబ్బంతా ఓనరుకే ఎందుకు పోవాలి? అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో చమురు ఆదాయంతో పెట్టిన నిధి నుంచి 1982 మొదలుకొని జనానికి ఏటా వాటా ఇస్తున్నారు. మిషన్ లాభంలో కార్మికులకి అలా వాటా రాయించుకున్న యూనియన్ ఒప్పందం మన దగ్గర ఎక్కడైనా ఉంటే దాని కాపీ పంపండి, ఆ సెక్షన్‌లో ఉన్న అందరికీ పనికొస్తుంది.