ఇరుకు సందులో నీలి స్ప్రూస్ నాటవచ్చా?

నోవై వాసి:
మిషిగన్‌లో కొత్తగా ఇల్లు కొన్నాం. మాకూ పక్కింటికీ మధ్య పది అడుగుల సందు ఉంది. వంటింటి కిటికీకి మరుగు కావాలి. సన్నగా, నిటారుగా పెరిగే నీలి స్ప్రూస్ అనే సూదాకుల చెట్టు, అందులో ఫాస్టిజియాటా రకం, నర్సరీలో చూపించారు. రంగు మా ఇద్దరికీ తెగ నచ్చింది. నాటమంటారా?

పచ్చతోరణం:
వద్దండి. నీలి స్ప్రూస్ పుట్టిల్లు కొలరాడో, యూటా కొండలు. అక్కడి గాలి పొడిగా ఉంటుంది. ఇక్కడ వసంతమంతా వానలు, వేసవిలో ఉక్క. రైజోస్ఫేరా అనే శిలీంధ్రానికి ఇంతకంటే ఏం కావాలి? ఈ ప్రాంతపు పాత నీలి స్ప్రూసులను చూడండి: చాలావాటికి కింది కొమ్మలు బోసిపోయి, పైభాగమే నిండుగా ఉంటుంది. ఒక సూదాకు తెంపి భూతద్దం కింద పెట్టండి. మంచి ఆకు మీద తెల్లచుక్కలు వరుసలు తీరి ఉంటాయి, అవి పత్రరంధ్రాలు. తెగులు సోకిన ఆకులో ఆ రంధ్రాల్లోంచి నల్లచుక్కలు పొడుచుకొస్తాయి. పూర్తిగా ఆకు రాలిన పాత కొమ్మ మళ్లీ చిగురించదు. మరుగు కోసం నాటిన చెట్టుకు కింది కొమ్మలే పోతే ఇక నాటి ఏం లాభం?

కొమ్మచాటు:
ఇది అన్యాయం. మా ఇంటి ముందు అదే రకం నిక్షేపంలా ఉంది. ఎండ పడాలి, స్ప్రింక్లరు నీళ్లు కొమ్మల మీద పడకూడదు. తెగులు కనిపిస్తే కొత్త సూదులు సగం సాగినప్పుడు ఒకసారి, మూడు నాలుగు వారాలకు మరోసారి క్లోరోథలోనిల్ అనే శిలీంధ్రాల మందు కొట్టాలి.

పచ్చతోరణం:
మీ చెట్టుకు నలువైపులా గాలి తగులుతుంది. వారిది రెండు గోడల మధ్య సందు, తడిసిన ఆకు ఎప్పుడు ఆరాలి? పైగా ఆ మందు కనీసం రెండేళ్లు వరుసగా కొట్టాలి. వంటింటి కిటికీ పక్కన ఆ బెడద ఎందుకండీ? నార్వే స్ప్రూస్‌లో కుప్రెస్సినా రకం కూడా నిటారుగానే పెరుగుతుంది, ఈ తెగులును బాగా తట్టుకుంటుంది. రంగు మాత్రం పచ్చే.

సెలయేరు:
ఏది నాటినా ఒక మాట. నర్సరీ చీటీ మీద ఉండేది చాలాసార్లు పదేళ్ల నాటి కొలత. చెట్టు అక్కడితో ఆగదు. గోడకు తగులుతోందని పాత కొమ్మలోకి నరికితే ఆ వైపు బోడిగానే మిగులుతుంది. సరిగ్గా సందు నడుమ నాటితే పక్కింటి హద్దు మీద పడుతుంది. ముందు వాళ్లతో మాట్లాడండి.

నోవై వాసి:
పక్కింటివారిని ఈ వారమే అడుగుతాను. కుప్రెస్సినా వైపే మొగ్గుతున్నాం.

కొమ్మచాటు:
ఆ సందుకు నీలి స్ప్రూస్ తగదంటే ఒప్పుకుంటాను. మిషిగన్‌కే తగదంటే మాత్రం ఒప్పుకోను.